అట్టలూడిన పుస్తకాలు

ఇల్లు మారడమంటే ఆడవాళ్ళకి చాకిరీ, మగవాళ్ళకి చిరాకు, పుస్తకాలకి ప్రాణగండం. మూడు పడగ్గదుల ఇంట్లోంచి రెండు పడగ్గదుల ఫ్లాటుకి వెళుతున్నామని తేలగానే మావారి చూపు తిన్నగా నా పుస్తకాల బీరువా మీద పడింది. "ఎలాగూ చదివేసినవే కదా!" అన్నారు. ఆ లెక్కన ఒకసారి కట్టిన చీరలూ, ఒకసారి తిన్న కంచాలూ కూడా పారేయాలి. ఆ మాట పైకి అనకుండా, "మూడు కుప్పలు చేస్తాలెండి. ఉంచుకునేవి, ఎవరికైనా ఇచ్చేవి, పాత పేపర్లవాడికి వేసేవి" అని రాజీకొచ్చాను.

సాంఘిక నవలలు ఒక పూటలో తేలిపోయాయి. తేలనివల్లా కింది రెండు అరల్లో ఉన్న ఇంగ్లీషు పేపర్‌బ్యాకులు. అన్నీ మాయలూ మంత్రాలూ, డ్రాగన్లూ, లేని దేశాల పటాలూ ఉన్న నవలలు. బి.ఏ. చదివే రోజుల్లో ప్రతి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గొంతుక్కూర్చుని, దుమ్ములో వేళ్ళు పెట్టి వెతికి, పదికీ ఇరవైకీ కొనుక్కున్నవి. కాపురాల కథలు రాసుకునే ఆవిడ ఇంట్లో ఈ రాక్షసుల సంత ఏమిటని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ఎదురింటి పిన్నిగారిని వర్ణించీ వర్ణించీ అలిసిపోయిన ప్రాణానికి అప్పుడప్పుడూ ఒక డ్రాగన్ కావాల్సొస్తుంది.

దివాను మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అమ్మ, "ఏం పుస్తకాలే అవి?" అంది.

"మంత్రగాళ్ళ కథలమ్మా."

"పిల్లలవా?"

"పిల్లలవి కాదు, పెద్దవాళ్ళవే."

అమ్మ ఒక్క క్షణం నా వంక చూసి, మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. ఆ చూపు నాకెక్కడ తగలాలో అక్కడే తగిలింది. అదెందుకో తరవాత చెబుతాను.

ముందు చేతికొచ్చింది టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’. ఇంగ్లండులో 1937లో వచ్చిన నవల. నా దగ్గరున్నది 1965లో అమెరికాలో బాలంటైన్ అనే సంస్థ వేసిన పేపర్‌బ్యాకుకి తరవాతి ముద్రణ. అట్ట మీద కొండలూ, గులాబిరంగు బుడగల్లాంటి పళ్ళు కాసిన ఒక చెట్టూ, ఈమూ పక్షులూ ఉంటాయి. కథంతా గాలించినా ఈమూ పక్షి ఈక కూడా దొరకదు! బొమ్మ వేసిన బార్బరా రెమింగ్టన్‌కి, పాపం, అట్ట గీసేనాటికి ఆ పుస్తకం చదివే వీలే చిక్కలేదట. మొదటి ముద్రణలో ఒక సింహం కూడా ఉండేది. ఈ కథకీ ఆ బొమ్మకీ సంబంధమేమిటి, సింహమెందుకు, ఈమూలెందుకు అని టోల్కీన్ తన ప్రచురణకర్తకి ఉత్తరం రాసి మొత్తుకున్నాడు. తరవాత సింహాన్ని తీసేశారు. ఈమూలు మాత్రం కదల్లేదు.

సీరియల్ రాసిన నాబోటివాళ్ళకి ఇది కొత్తేమీ కాదు లెండి. నా కథానాయిక వెలిసిపోయిన నేతచీరలో బస్సు కోసం నిలబడుంటే, బొమ్మలో ఆవిడ జారే పమిటతో సరస్సు ఒడ్డున ప్రత్యక్షమైన వారాలున్నాయి.

రెమింగ్టన్‌కి చదివే తీరిక లేకపోవడానికి కారణం ఉంది. టోల్కీన్ పెద్ద నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా, గట్టి అట్టతో వచ్చింది. ఖరీదైన పుస్తకం. 1965లో అమెరికాలో ఏస్ బుక్స్ అనే సంస్థ దాన్ని పేపర్‌బ్యాకుగా వేసేసింది, వెల 75 సెంట్లు. రచయిత అనుమతి లేదు, ముందు రాయల్టీ మాటా లేదు. అదేమంటే, అప్పటి అమెరికా కాపీరైటు చట్టంలో ఒక మెలిక ఉంది. బయటిదేశంలో అచ్చయిన ప్రతులు పరిమితికి మించి దిగుమతి అయితే రక్షణ పోతుందన్నది వాళ్ళ వాదన. బాలంటైన్ వాళ్ళు హడావిడిగా అసలు హక్కులు పుచ్చుకుని, 95 సెంట్లకి తమ ముద్రణ తెచ్చారు. వెనక అట్ట మీద టోల్కీన్ సంతకంతో ఒక ప్రకటన వేశారు. బతికున్న రచయిత పట్ల కనీసం మర్యాద పాటించేవాళ్ళు ఈ ముద్రణే కొంటారని దాని సారాంశం. తనకి ఉత్తరాలు రాసే అమెరికా పాఠకులకి కూడా ఆయన ఈ సంగతి జవాబుల్లో చెబుతూ వచ్చాడు. ఆ గొడవే పుస్తకానికి దండోరా అయింది. కాలేజీ కుర్రకారు ఎగబడ్డారు. చివరికి 1966లో ఏస్ వాళ్ళు రాయల్టీ చెల్లించి, ఇక ఆ పుస్తకం వెయ్యబోమని ఒప్పుకున్నారు. మర్యాద ఖరీదు ఇరవై సెంట్లు ఎక్కువే అయినా, జనం పెట్టుకున్నారన్నమాట.

"బతికున్న రచయిత పట్ల మర్యాద" అన్న ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. దీనితో మళ్ళీ పనుంది.

బాలంటైన్ అంటే ఒక మనిషి కాదు, ఆలుమగలు. ఇయాన్, బెట్టీ. ఈ బెట్టీ పుట్టింది ఎక్కడనుకున్నారు? మన దేశంలోనే, ఫైజాబాదులో! 1919లో, బ్రిటిష్ వాళ్ళ హయాంలో. 1939లో ఇయాన్‌ని పెళ్ళి చేసుకుంది. పెళ్ళికి ఆవిడ తండ్రి ఇచ్చిన 500 డాలర్లు పెట్టుబడిగా, ఆ కొత్త దంపతులు ఇంగ్లండు నుంచి పెంగ్విన్ పేపర్‌బ్యాకులు అమెరికాకి తెప్పించి అమ్మడం మొదలుపెట్టారు. 1945లో బాంటమ్ బుక్స్, 1952లో తమ పేరుతోనే బాలంటైన్ బుక్స్ స్థాపించారు. కట్నం డబ్బు స్కూటర్లకీ, ఆడపడుచుల పెళ్ళిళ్ళకీ ఖర్చయిపోవడం చూసిన కళ్ళతో ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒకటే ముచ్చటేసింది. ఒక ఆడపిల్ల పెళ్ళి సొమ్ము పుస్తకాల వ్యాపారమై, తిరిగి తిరిగి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నా ఒళ్ళో పడిందన్నమాట. బెట్టీ నిండు జీవితం గడిపి 2019లో, 99 ఏళ్ళ వయసులో పోయింది.

టోల్కీన్ పుస్తకాలు అలా అమ్ముడయ్యేసరికి, ఇలాంటివే ఇంకేమున్నాయి అని పాఠకులు అడగడం మొదలుపెట్టారు. అప్పుడు లిన్ కార్టర్ అనే రచయిత సంపాదకుడిగా, 1969లో ఒక పుస్తకాల వరస మొదలైంది. అట్ట మీద గుర్తు ఒంటికొమ్ము గుర్రం తల. పేరు ‘బాలంటైన్ అడల్ట్ ఫాంటసీ’. ఆ ‘అడల్ట్’ అన్న ముక్క చూసి మా నాన్న ఒకనాడు కళ్ళజోడు సర్దుకుని నా పుస్తకం అడిగి పుచ్చుకున్నారు. పాతిక పేజీలు చదివి, "ఇందులో ఏమీ లేదే!" అని తిరిగిచ్చేశారు. ఆయన భయపడ్డదేమీ లేదుమరి. ఇది పిల్లల కథ కాదు, పెద్దలు నామోషీ పడకుండా చదువుకోవచ్చు అని చెప్పడానికి పెట్టిన పేరది. మన మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలూ పెద్దవాళ్ళు మధ్యాహ్నం పూట చాపేసుకుని చదివినవే. వాటికి ఇలాంటి పూచీకత్తు ఎవరూ అడగలేదు.

1974లో ఆగిపోయేలోగా ఆ గుర్రం గుర్తుతో 65 పుస్తకాలొచ్చాయి. లిన్ కార్టర్ వాటిలో చాలా మటుకు పాత గ్రంథాలయాల అడుగునుంచి తవ్వి తీశాడు. నా దగ్గర ఏడున్నాయి. ఏడింటిలో రెండు ఆడవాళ్ళు రాసినవి. పారేయడమా, ఉంచడమా అని నేను రెండు గంటలు నేలమీద కూర్చుండిపోయింది ఆ రెంటి దగ్గరే.

మొదటిది హోప్ మిర్లీస్ రాసిన ‘లడ్ ఇన్ ది మిస్ట్’. 1926 నాటి నవల. మర్యాదస్తుల ఊరు ఒకటుంటుంది. దానికి అవతల యక్షలోకం లాంటి దేశం. అక్కడి పళ్ళు దొంగతనంగా ఈ ఊళ్ళోకి వస్తుంటాయి. వాటి పేరెత్తడమే తప్పు. పళ్ళు తిన్నవాళ్ళకి పాటలూ కలలూ పడతాయి. పెద్దమనుషులకి అదే భయం. ఈ మిర్లీస్ సామాన్యురాలు కాదు. ఆవిడ రాసిన ‘పారిస్’ అనే దీర్ఘకవితని 1920లో వర్జీనియా వుల్ఫ్ దంపతులు తమ సొంత ముద్రణాలయం నుంచి ప్రచురించారు. ఆవిడకి ఆప్తురాలైన పండితురాలు జేన్ హారిసన్ 1928లో చనిపోయింది. ఆ తరవాత మిర్లీస్ చాలా ఏళ్ళపాటు దాదాపు ఏమీ ప్రచురించలేదు.

1970లో బాలంటైన్ వాళ్ళు ఈ నవల వేశారు. ఆవిడ అనుమతి తీసుకోకుండానే! ఆవిడ ఎక్కడుందో, అసలు ఉందో లేదో వాళ్ళకి తెలియదు. హక్కు అడగాల్సిన పని అమెరికా చట్టం ప్రకారం లేదు. కానీ ఆవిడ ఇంగ్లండులో బతికే ఉంది. 1978 దాకా ఉంది. బతికున్న రచయిత పట్ల మర్యాద అని అట్ట వెనక అచ్చువేసిన సంస్థే, అయిదేళ్ళు తిరక్కుండా, బతికున్న రచయిత్రిని పోయినవాళ్ళ లెక్కలో రాసేసిందన్నమాట. ప్రొఫెసరుగారికి దొరికిన మర్యాద ఆవిడకెందుకు దొరకలేదని అడిగితే, ఆయన ఉత్తరాలు రాసి గొడవ చేశాడు, ఆవిడ చేయలేదు అంటారు. నిజమే. తెర వెనక్కి తప్పుకున్న ఆడమనిషిని ఎవరూ వెతకరు. పోనీ, ఇంకో కోణంలోంచి చూస్తే, ఆ తప్పు చేయకపోతే ఆ నవల నా చేతికి వచ్చేదే కాదు. ఏది న్యాయమో తేల్చుకోలేక దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

రెండోది ఇవాంజలిన్ వాల్టన్ రాసిన ‘ది ఐలాండ్ ఆఫ్ ది మైటీ’. దీని కథ విన్నారంటే నవల కంటే ఇదే బాగుందంటారు.

వాల్టన్ 1907లో అమెరికాలో పుట్టింది. చిన్నప్పటినుంచీ ఊపిరితిత్తుల జబ్బు. దానికి వైద్యమని సిల్వర్ నైట్రేట్ వాడారు. ఆ వెండి మందు ఒంట్లో ఇంకి, తెల్లటి పిల్ల ఒళ్ళు నీలిబూడిద రంగుకి తిరిగింది. వయసు పెరిగినకొద్దీ ఆ రంగు ముదిరిందే కాని తగ్గలేదు. బడికి పోయే ఆరోగ్యం లేక చదువంతా ఇంట్లోనే. అలాంటి పిల్ల పుస్తకాలు పట్టుకుంది. ఇంగ్లండుకి పక్కనున్న వేల్స్ దేశపు పురాణగాథలు ‘మాబినోగి’ అని నాలుగు శాఖలున్నాయి. వాటిని నవలలుగా తిరగరాయాలని కూర్చుంది. మొదట నాలుగో శాఖ పూర్తిచేసి 1936లో అచ్చువేయించింది. అప్పటి పేరు ‘ది వర్జిన్ అండ్ ది స్వైన్’. ఎవరూ కొనలేదు. దాంతో మిగతా శాఖల మీద రాసిన ప్రతులు అచ్చు మొహం చూడకుండా ఇంట్లోనే ఉండిపోయాయి.

ఒకటి కాదు రెండు కాదు, ముప్ఫైనాలుగేళ్ళు! ఆ పాత పుస్తకం లిన్ కార్టర్ కంటపడి, 1970లో కొత్త పేరుతో గుర్రం గుర్తు అట్టేసుకుని వచ్చింది. ఇక్కడా హక్కుదారు లేరనే మొదట అనుకున్నారు. తీరా చూస్తే రచయిత్రి అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో నిక్షేపంగా ఉంది, హక్కు కూడా ఆవిడదే. అంతేకాదు, "ఇంకా ఉన్నాయి" అని ఆ పాత రాతప్రతులు బయటికి తీసింది. రెండో శాఖ 1971లో, మూడోది 1972లో, మొదటి శాఖ అన్నిటికన్నా చివర 1974లో వచ్చాయి. ముగింపు ముందొచ్చి, మొదలు చివరొచ్చిందన్నమాట. ముప్ఫైలలో నిండని ఇల్లు అరవై దాటాక నిండింది. 1989లో ప్రపంచ ఫాంటసీ పురస్కారాల్లో జీవిత సాఫల్య గౌరవం ఆవిడకి ఇచ్చారు. 1996లో కన్నుమూసింది.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ పురస్కారం కాదు. ఆ ముప్ఫైనాలుగేళ్ళూ ఆవిడ ఆ కాగితాలు పారేయకపోవడం. ఇల్లు సర్దే ప్రతిసారీ, దుమ్ము దులిపే ప్రతిసారీ, ఇవెందుకూ అనిపించి ఉండదూ?

మూడో అరచెయ్యంత మందాన ఉన్నది ఆండ్రే నార్టన్ ‘విచ్ వరల్డ్’. 1963లో ఏస్ వాళ్ళు తిన్నగా పేపర్‌బ్యాకుగానే వేశారు. ఆండ్రే అనగానే మగవాడనుకుని కొన్నాను. తరవాత తెలిసింది, ఆవిడ ఆలిస్ మేరీ నార్టన్ అని, క్లీవ్‌లాండ్‌లో చాలా ఏళ్ళు లైబ్రేరియన్‌గా పనిచేసిందని. సాహసకథలు చదివే మగపిల్లలు ఆడపేరు చూస్తే ముట్టుకోరని, 1934లో పేరే చట్టప్రకారం మార్చేసుకుంది. మన దగ్గర దీనికి తలకిందులు! 1970లలో తెలుగు వారపత్రికల్లో రచయిత్రుల హవా ఎంతగా నడిచిందంటే, కొందరు మగవాళ్ళే ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఈ ఒక్క విషయంలో అమెరికా కంటే మనమే ముందున్నామని నార్టన్‌కి చెబితే బాగుండేది. ఆవిడ 2005లో పోయింది.

ఉర్సులా లెగ్విన్ పుస్తకాలు నాలుగూ ఉంచుకునే కుప్పలోకి సందేహం లేకుండా వెళ్ళాయి. 1968లో వచ్చిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’లో మంత్రం నేర్చుకునే కుర్రాడు గెడ్ ఎర్రమట్టి చాయ మనిషి. అతని స్నేహితుడు ఇంకా నలుపు. ఈ సంగతి ఆవిడ స్పష్టంగా రాసినా, అట్టల మీద బొమ్మలేసేవాళ్ళు అతణ్ణి చాలా ఏళ్ళు తెల్లగానే గీస్తూ వచ్చారు. ఆవిడ పోట్లాడుతూనే ఉంది. నల్లపిల్లకి పెళ్ళి ఫొటోలో పౌడరు దట్టించే మనవాళ్ళకి ఈ గొడవ విడమరిచి చెప్పక్కర్లేదు.

1972 నాటికి మూడు భాగాలు రాసి ముగించిన లెగ్విన్, 1990లో నాలుగోది ‘టెహాను’ రాసింది. అందులో యుద్ధాలు లేవు. మేకలూ, పెరటి పనీ, నడివయసు వితంతువు టెనార్, కాలిన గాయాలతో ఉన్న ఒక పసిపిల్ల. శక్తంతా మగ మంత్రగాళ్ళ దగ్గరే ఎందుకుంది, ఇంట్లో ఆడదాని పనిని శక్తి అని ఎవరూ ఎందుకనరు అని పద్ధెనిమిదేళ్ళ తరవాత తన లోకాన్నే తాను మళ్ళీ ప్రశ్నించుకుంది. ఆవిడ 2018లో చనిపోయిన రోజు ఈ పుస్తకం తీసి మళ్ళీ చదివాను. ఇరవై ఏళ్ళప్పుడు విసుగనిపించిన పెరటి పని, నలభై దగ్గర పడేసరికి కన్నీళ్ళు తెప్పించింది.

ఇక అమ్మ చూపు సంగతి.

పెళ్ళికి ముందు మా అమ్మ ‘చందమామ’ సీరియళ్ళు నెలనెలా జాగ్రత్తగా విడదీసి, వరసన పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్టకి మైదాపిండి జిగురు రాసి బైండు చేసుకుంది. అందులో ‘శిథిలాలయం’ ఉంది. చిత్రాగారి బొమ్మలుండేవి. దాని మీద రచయిత పేరు లేదు. ‘చందమామ’లో ఆ సీరియళ్ళకి పేరు వేసేవారు కాదు. నా చిన్నతనంలో కరెంటు పోయిన రాత్రుళ్ళు అమ్మ ఆ బైండులోంచి చదివి వినిపించేది. డ్రాగన్ల పిచ్చి నాకు ఆబిడ్స్‌లో పట్టిందని గొప్పలు చెప్పుకుంటాను గాని, అసలు విత్తనం అక్కడిది.

నా పెళ్ళయిన కొత్తలో పుట్టింటివాళ్ళు ఇల్లు మారారు. అమ్మ ఆ బైండు పట్టుకొచ్చి, "నీకు కావాలటే?" అని అడిగింది. అప్పటికి నేను టోల్కీన్ చదివినదాన్ని! "ఎందుకమ్మా, పిల్లల కథలు" అన్నాను. అమ్మ మారు మాట్లాడలేదు. పాత పేపర్లవాడు తక్కెట్లో పడేసి తూచుకుపోయాడు. నాలుగు అణాల విలువైనా కట్టని కాగితాలనుకున్నాను గాని, అవి మా అమ్మ పడుచుతనపు సాయంకాలాలని నాకు తట్టలేదు.

ఆ కథలు రాసినాయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి ఆయన అలా పేరు లేకుండానే రాశారు. 2010లో పోయారు. ఈ మాట అమ్మకి ఆవేళ చెప్పాను.

"ఓహో, ఒక్కాయనేనా అన్నీ!" అంది అమ్మ. కాసేపాగి, "ఇన్నాళ్ళకి పేరు తెలిసింది" అంది.

నేను గొంతు సవరించుకుని, "ఆ బైండు ఇచ్చేయకుండా ఉండాల్సిందమ్మా" అన్నాను. అనడానికి నాకు దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది.

"పోన్లే, కథ నాకు గుర్తుంది" అంది. అంటూనే నా చేతిలో ఉన్న వాల్టన్ పుస్తకం అందుకుంది. యాభై ఏళ్ళ పేపర్‌బ్యాకు. వీపు మీది జిగురు ఎండి పెళుసెక్కి, తెరవగానే అట్ట ఒకవైపూ, పదిహేను పేజీలు ఇంకోవైపూ రాలాయి. ఈ రకం పుస్తకాల్ని కుట్టరు, అంచులు కోసి జిగురుతో అతికిస్తారు. అందుకే చవక, అందుకే ఆయుష్షు తక్కువ.

అమ్మ పేజీలు ఏరి, అంకెలు చూసి వరసన పెట్టి, అంచులు నేలకేసి కొట్టి సమం చేసింది. "కుట్టుంటే ఇలా అయ్యేది కాదు" అని, "ఆ దబ్బనం ఎక్కడుందో చూడు. దారం లావుది తీసుకురా. ఇదేం కథో చెబుతూ ఉండు" అంది.

సాయంత్రం మావారు వచ్చేసరికి మూడు కుప్పలూ కలిసిపోయి ఒకటే కుప్పయింది. చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి. నేను మాబినోగి మూడో శాఖలో ఉన్నాను. అమ్మ నాలుగో పుస్తకం కుడుతోంది.